డిగ్రీ లేకపోయినా జర్మనీలో జాబ్, పీఆర్.. కానీ వీసా మీద ఏ సెక్షన్ ఉందో చూసుకున్నారా?

బీటెక్‌లో చేరి ఆరేళ్లయింది. ఇంకా నాలుగు సబ్జెక్టులు మిగిలే ఉన్నాయి. పట్టా చేతికి రాలేదు కానీ పని మాత్రం వచ్చేసింది. హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి మూడేళ్లుగా కోడింగ్ చేస్తున్నాడు. తోటివాళ్లంతా ఎమ్మెస్ అంటూ అమెరికా వెళ్లిపోయారు. 'డిగ్రీ లేనోడికి ఫారిన్ ఎక్కడ్రా' అని ఇంట్లో వాళ్లే తీసిపారేశారు. ఇలాంటి కుర్రాళ్లు మన దగ్గర ఒక్కరిద్దరు కాదు. ఐటీఐ చేసి ఎలక్ట్రీషియన్‌గా స్థిరపడినవాళ్లు, జీఎన్ఎం చేసిన నర్సులు, ఇంటర్‌తో చదువు ఆపేసినవాళ్లు.. వీళ్లందరికీ ఒకటే అనుమానం. డిగ్రీ లేకుండా వర్క్ వీసా వస్తుందా? వచ్చినా అక్కడే ఉండిపోయే పీఆర్ వస్తుందా?

సూటిగా చెప్పాలంటే రెండూ వస్తాయి. కానీ అన్ని దేశాల్లో కాదు, అన్ని వీసాల మీదా కాదు. అసలు మెలిక ఎక్కడుందంటే, ఒకే దేశంలో ఒకే ఉద్యోగానికి రెండు రకాల వీసాలు ఉంటాయి. ఒకదాని మీద రెండేళ్లు తిరక్కుండానే పీఆర్‌కు అర్హత వస్తే, రెండోదాని మీద ఐదేళ్లు ఆగాలి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన సంబరంలో ఈ తేడా ఎవరూ చూడరు. ఏజెంట్ అయితే అసలు చెప్పడు. డిగ్రీ లేనివాళ్లకు ఇప్పుడు తలుపులు బాగా తెరిచిన దేశం జర్మనీ కాబట్టి, దాన్నే ముందు వివరంగా చూద్దాం.

జర్మనీ ఎందుకు పిలుస్తోంది?

జర్మనీలో వయసు మళ్లినవాళ్లు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి. నిపుణుల వలస చట్టాన్ని ఆ దేశం 2020 మార్చిలో అమల్లోకి తెచ్చింది. అది చాలక 2023లో మళ్లీ సవరించింది. ఆ మార్పులు మూడు విడతలుగా, 2023 నవంబర్, 2024 మార్చి, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చాయి. 2024 అక్టోబర్‌లో అప్పటి ఛాన్స్‌లర్ ఓలాఫ్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు, భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతున్నట్లు ప్రకటన వెలువడింది. అంటే 90 వేల ఉద్యోగాలు ఖాళీగా మన కోసం ఎదురుచూస్తున్నాయని కాదు. ఉద్యోగం మనమే వెతుక్కోవాలి. దొరికితే వీసా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని మాత్రమే దాని అర్థం.

ఈ సవరణల్లో డిగ్రీ లేనివాళ్లకు పనికొచ్చే పాయింట్ ఒకటుంది. పట్టా బదులు అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవడం.

ఐటీ వాళ్లకు రెండు దారులు.. మధ్యలో 304 యూరోలు!

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. ఏ డిగ్రీ, ఏ డిప్లొమా లేకపోయినా ఐటీ ఉద్యోగానికి జర్మనీ వర్క్ వీసా ఇచ్చే దారులు రెండున్నాయి.

మొదటిది 'అనుభవం ఉన్న ఉద్యోగి' వీసా. అక్కడి నివాస చట్టంలో సెక్షన్ 19సీ కిందకు వస్తుంది. గత ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఐటీలో పనిచేసి ఉండాలి. జీతం ఏడాదికి కనీసం 45,630 యూరోలు ఉండాలి. ఇది 2026 లెక్క. అక్కడి పెన్షన్ చందా పరిమితిలో 45 శాతంగా దీన్ని లెక్కగడతారు కాబట్టి ఏటా జనవరిలో మారుతుంది. 2025లో ఇదే 43,470 యూరోలు ఉండేది.

రెండోది ఈయూ బ్లూ కార్డ్. సెక్షన్ 18జీ. బ్లూ కార్డ్ అంటే డిగ్రీ వాళ్లకే అనుకుంటారు చాలామంది. 2023 నవంబర్ వరకు నిజంగానే అంతే. ఆ తర్వాత ఐటీ నిపుణులకు డిగ్రీ షరతు తీసేశారు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్ల ఐటీ అనుభవం ఉండాలి. ఆ అనుభవం యూనివర్సిటీ చదువుతో సమానమైన స్థాయిది అయి ఉండాలి. అంటే డేటా ఎంట్రీ, కాల్ సెంటర్ లాంటివి పనికిరావు. డెవలపర్, సిస్టమ్ అనలిస్ట్, డేటాబేస్, నెట్‌వర్క్ నిపుణుల స్థాయి పని కావాలి. 2026లో కనీస జీతం ఏడాదికి 45,934 యూరోల 20 సెంట్లు.

రెండు జీతాలూ మళ్లీ ఒకసారి చూడండి. తేడా ఏడాదికి సుమారు 304 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే 30 వేల రూపాయల చిల్లర, నెలకు రెండున్నర వేలు. ఇప్పుడు పీఆర్ లెక్క చూద్దాం. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లు జర్మన్ భాషలో బీ1 స్థాయి పాసైతే 21 నెలలకే సెటిల్మెంట్ పర్మిట్‌కు అర్హులు. అక్కడ పీఆర్‌ను అలా పిలుస్తారు. బీ1 రాకపోయినా, మొదటి మెట్టు ఏ1 ఉంటే చాలు, 27 నెలలకు అర్హత వస్తుంది. అదే సెక్షన్ 19సీ వీసా మీద వెళ్తే ఈ స్పీడ్ ట్రాక్ వర్తించదు. సాధారణ రూల్ ప్రకారం ఐదేళ్లు ఉండాలి, 60 నెలలు పెన్షన్ చందా కట్టి ఉండాలి, బీ1 జర్మన్ తప్పనిసరి.

అదే కంపెనీ, అదే కుర్చీ, దాదాపు అదే జీతం. పీఆర్‌కు మాత్రం మూడేళ్లకు పైగా తేడా.

అందుకే మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఆఫర్ లెటర్‌లో జీతం 45,700 అని ఉంటే సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌తో మాట్లాడటం మంచిది. ఆ మూడంకెల చిల్లర పెంచమని అడగడంలో తప్పేమీ లేదు. జర్మన్ కంపెనీలకు బ్లూ కార్డ్ పరిమితి బాగా తెలిసిన విషయమే. రెండేళ్ల అనుభవమే ఉంటే? 19సీ మీద వెళ్లి, అక్కడ ఇంకో ఏడాది పనిచేశాక బ్లూ కార్డ్‌కు మారే ప్రయత్నం చేయొచ్చు. అయితే 21 నెలల లెక్క సాధారణంగా బ్లూ కార్డ్ వచ్చిన దగ్గర్నుంచే మొదలవుతుందని గుర్తుపెట్టుకోవాలి. అలాంటప్పుడు ఇక్కడే ఇంకో ఏడాది ఆగి, అనుభవం మూడేళ్లు చేసుకుని, ఈలోపు జర్మన్ నేర్చుకుని వెళ్లడమే కొందరికి లాభం. ఇది ఎవరి పరిస్థితి వాళ్లు చూసుకోవాల్సిన లెక్క.

ఇంకో విషయం. ఆ 46 వేల యూరోలు చేతికొచ్చే జీతం కాదు. పెళ్లికాని ఉద్యోగికి పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్, నిరుద్యోగ బీమా అన్నీ పోగా సుమారు మూడో వంతు కోత పడుతుంది. మ్యూనిక్ లాంటి సిటీలో అద్దె కట్టాక మిగిలేది ఎంతో లెక్కేసుకున్నాకే ఇక్కడ అప్పు చేయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

వయసు సంగతి కూడా చూసుకోవాలి. 45 ఏళ్లు దాటాక మొదటిసారి 19సీ దారిలో వెళ్లేవాళ్లకు జీతం పరిమితి ఎక్కువ. 2026లో 55,770 యూరోలు. లేదంటే వృద్ధాప్యానికి సరిపడా పెన్షన్ ఏర్పాటు ఉందని చూపించాలి.

ఐటీఐ వాళ్లకు.. రెండేళ్ల ట్రేడా, ఏడాది ట్రేడా?

ఐటీ కాకుండా వేరే పనుల వాళ్లకు కూడా 2024 మార్చి నుంచి ఈ 'అనుభవం' దారి తెరిచారు. కాకపోతే ఇక్కడ ఒక కాగితం కావాలి. చదివిన దేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న, కనీసం రెండేళ్ల శిక్షణతో కూడిన వృత్తి విద్యా సర్టిఫికెట్ ఉండాలి. దానికి తోడు గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవం, పైన చెప్పిన 45,630 యూరోల జీతం. ఉమ్మడి వేతన ఒప్పందం పాటించే కంపెనీ ఆ ఒప్పందం ప్రకారం జీతం ఇస్తే ఈ పరిమితి నుంచి మినహాయింపు ఉంది.

ఆ రెండేళ్లు అన్న మాట దగ్గరే మనవాళ్లలో సగం మంది ఆగిపోతారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్‌లు రెండేళ్లవి. వెల్డర్, ప్లంబర్, డీజిల్ మెకానిక్, కోపా ఏడాది ట్రేడ్‌లు. వెల్డర్‌కు జర్మనీలో ఎంత డిమాండ్ ఉన్నా, ఏడాది ఐటీఐ సర్టిఫికెట్‌తో మాత్రం ఈ దారిలో వెళ్లడం కుదరదు. పాలిటెక్నిక్ వాళ్లకు ఈ ఇబ్బంది లేదు, డిప్లొమా మూడేళ్లది కదా.

సర్టిఫికెట్ అసలైనదేనా, మన ప్రభుత్వ గుర్తింపు ఉందా అన్నది జర్మనీలోని జెడ్‌ఏబీ అనే కేంద్ర కార్యాలయం తేల్చి ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ ఇస్తుంది. అప్లికేషన్ ఇక్కడి నుంచే పెట్టుకోవచ్చు. ఇది లేకుండా వీసా కౌంటర్ దగ్గరికి వెళ్లి ఉపయోగం లేదు.

అయితే ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఇంతకంటే మంచి దారి ఇంకొకటి ఉంది. కాస్త శ్రమ ఎక్కువ, పీఆర్ మాత్రం తొందరగా వస్తుంది. మన సర్టిఫికెట్ జర్మన్ సర్టిఫికెట్‌తో సమానమని అక్కడి ఛాంబర్ చేత పూర్తి గుర్తింపు తెచ్చుకోవడమే ఆ దారి. పరిశ్రమల ట్రేడ్‌లకు న్యూరెంబర్గ్‌లోని ఐహెచ్‌కే ఫోసా, చేతివృత్తి ట్రేడ్‌లకు ఆ ప్రాంత చేతివృత్తుల ఛాంబర్ ఈ పని చూస్తాయి. పూర్తి గుర్తింపు వస్తే వీసా 19సీ కింద కాకుండా సెక్షన్ 18ఏ కింద, 'నైపుణ్యం ఉన్న కార్మికుడు' హోదాలో వస్తుంది. అప్పుడు పీఆర్‌కు మూడేళ్లు చాలు. 36 నెలల పెన్షన్ చందా, బీ1 జర్మన్ ఉండాలి.

మన ఐటీఐ సిలబస్‌కు, జర్మనీ శిక్షణకు తేడా ఉంటుంది కాబట్టి చాలామందికి మొదట పాక్షిక గుర్తింపే వస్తుంది. ఫలానా ఫలానా అంశాల్లో లోటు ఉందని రాసిస్తారు. నిరాశపడాల్సిన పనిలేదు. 2024 మార్చిలో వచ్చిన 'గుర్తింపు భాగస్వామ్యం' అనే ఏర్పాటు ఇలాంటివాళ్ల కోసమే. ఏ2 స్థాయి జర్మన్, కనీసం రెండేళ్ల శిక్షణ సర్టిఫికెట్, చేతిలో ఉద్యోగ ఒప్పందం ఉంటే ముందు వెళ్లిపోయి, అక్కడ జీతానికి పనిచేస్తూనే లోటు పూరించుకుని గుర్తింపు తెచ్చుకోవచ్చు. గరిష్ఠంగా మూడేళ్ల టైమ్ ఉంటుంది.

జీఎన్ఎం నర్సులకు భాషే పరీక్ష

మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు జీఎన్ఎం వాళ్లను ఒక మెట్టు తక్కువగా చూస్తారు. జర్మనీలో మాత్రం నర్సింగ్ ప్రధానంగా మూడేళ్ల వృత్తి శిక్షణే. అందుకే మూడేళ్ల జీఎన్ఎంకు అక్కడ విలువ ఉంది. అయితే నర్సింగ్ లైసెన్స్ తప్పనిసరి అయిన వృత్తి కాబట్టి, పైన చెప్పిన 'అనుభవం చాలు' దారి వీళ్లకు పనికిరాదు. గుర్తింపు తెచ్చుకోవాల్సిందే. సాధారణంగా లైసెన్స్‌కు బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. తేడాలుంటే అక్కడ నాలెడ్జ్ టెస్ట్ రాయాలి, లేదా అడాప్టేషన్ కోర్సు చేయాలి. అప్పటివరకు నర్సింగ్ అసిస్టెంట్‌గా, తక్కువ జీతానికి పని. లైసెన్స్ వచ్చాక 18ఏ కిందకు మారితే అదే మూడేళ్ల పీఆర్ దారి.

బీ2 అంటే తేలికగా తీసుకోవద్దు. పేషెంట్ నొప్పి ఎక్కడో, ఎలా ఉందో చెబితే అర్థం చేసుకుని, డాక్టర్‌కు చెప్పి, రికార్డు రాయగలగాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివాం కదా, మూడు నెలల్లో వచ్చేస్తుందిలే అనుకుని వెళ్లినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. హైదరాబాద్‌లో గోథే సెంటర్ ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీకి వెళ్లే నర్సులకు భాషా శిక్షణ కార్యక్రమాలు నిర్వహించింది.

ఇంటర్ పాసైతే.. అక్కడే నేర్చుకుంటూ జీతం

అనుభవం లేదు, ఐటీఐ లేదు, ఇంటర్ మాత్రమే ఉందా? అయితే 'ఔస్‌బిల్డుంగ్' గురించి తెలుసుకోవాలి. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో క్లాసులు. మెకట్రానిక్స్, హోటల్, నర్సింగ్, బేకరీ, లాజిస్టిక్స్ ఇలా వందల వృత్తుల్లో ఉంటుంది. రెండు నుంచి మూడున్నరేళ్ల కోర్సు. ఫీజు కట్టడం కాదు, కంపెనీయే నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. 2025లో మొదలైన శిక్షణలకు మొదటి ఏడాది కనీస స్టైపెండ్ నెలకు 682 యూరోలు. చాలా రంగాల్లో ఇంతకంటే ఎక్కువే ఇస్తారు. స్టైపెండ్ బతకడానికి సరిపోదనిపిస్తే మిగతాది బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించమని వీసా అధికారులు అడుగుతారు.

ఇక్కడా షరతు భాషే. క్లాసులు, పరీక్షలు అన్నీ జర్మన్‌లోనే. సాధారణంగా బీ1 లేకుండా వీసా రాదు. ఇక పీఆర్ విషయానికొస్తే ఇది చాలా మంచి దారి. జర్మనీలోనే వృత్తి శిక్షణ పూర్తిచేసినవాళ్లు ఆ తర్వాత రెండేళ్లు అదే స్థాయి ఉద్యోగం చేసి, 24 నెలల పెన్షన్ చందా కడితే సెటిల్మెంట్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. మొత్తం కలిపితే ఐదేళ్లు పైచిలుకు. 19 ఏళ్లకు వెళ్లిన కుర్రాడికి పాతికేళ్లలోపే పీఆర్, చేతిలో జర్మన్ సర్టిఫికెట్. ఇంతా చేసి ఇందులో మన దగ్గర ఎవరూ పెద్దగా ప్రచారం చేయరు. ఎందుకంటే కన్సల్టెన్సీకి యూనివర్సిటీ కమిషన్ రాదు మరి!

అనుభవం ఉంది.. కాగితం ఏది?

పట్టా బదులు అనుభవం చూపిస్తామంటే సరిపోదు, ఆ అనుభవాన్ని నిరూపించాలి. మనవాళ్ల అప్లికేషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పదేళ్లు వర్క్‌షాప్‌లో పనిచేసి ఉంటారు. జీతం చేతికిచ్చారు. పేస్లిప్ లేదు, పీఎఫ్ లేదు. ఓనర్ తెల్లకాగితం మీద 'ఇతను మా దగ్గర పనిచేశాడు' అని రాసిస్తే వీసా అధికారి దాన్ని పక్కన పెట్టేస్తాడు.

కాబట్టి ఇప్పటి నుంచే సర్దుకోవాలి. జీతం బ్యాంకులో వేయమని అడగండి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. ఫామ్ 16, ఐటీ రిటర్నులు, ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్ అన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో హోదా ఒక్కటే కాదు, రోజూ ఏం పని చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది స్పష్టంగా ఉండాలి. లెటర్‌హెడ్, ఫోన్ నంబర్, కంపెనీ ఈమెయిల్ తప్పనిసరి. ఎందుకంటే వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. మూతపడిన కంపెనీ అయితే పీఎఫ్ రికార్డే దిక్కు.

డబ్బులిస్తే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు తయారు చేసిచ్చేవాళ్లు మన దగ్గర ఉన్నారన్నది దాచితే దాగేది కాదు. దొరికితే ఆ ఒక్క వీసా పోవడంతో ఆగదు. తప్పుడు పత్రాలు పెడితే ఆస్ట్రేలియా మూడేళ్లు, కెనడా ఐదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వవు. జర్మనీలో అది నేరం కూడా. పీఆర్ వచ్చాక బయటపడినా ఆ పీఆర్ రద్దయ్యే ప్రమాదం ఉంటుంది.

ఆస్ట్రేలియా, కెనడా సంగతేంటి?

ఆస్ట్రేలియాలో 2024 డిసెంబర్ 7 నుంచి పాత టీఎస్ఎస్ వీసా స్థానంలో 'స్కిల్స్ ఇన్ డిమాండ్' వీసా వచ్చింది. సబ్‌క్లాస్ నంబర్ మాత్రం పాతదే, 482. ఇందులోని కోర్ స్కిల్స్ జాబితాలో 456 వృత్తులున్నాయి. ఎలక్ట్రీషియన్, మోటార్ మెకానిక్, వెల్డర్, షెఫ్ లాంటి డిగ్రీ అక్కర్లేని పనులు కూడా వాటిలో ఉన్నాయి. ఒక ఏడాది అనుభవం, స్పాన్సర్ చేసే కంపెనీ కావాలి. 2025 జూలై నుంచి కనీస జీతం ఏడాదికి 76,515 ఆస్ట్రేలియన్ డాలర్లు. రెండేళ్లు స్పాన్సర్ దగ్గర పనిచేశాక సబ్‌క్లాస్ 186 మీద పీఆర్‌కు వెళ్లొచ్చు. మధ్యలో స్పాన్సర్ మారినా, కొత్త కంపెనీ కూడా గుర్తింపు పొందినదైతే ఆ కాలం కలుస్తుంది. వయసు సాధారణంగా 45 దాటకూడదు. 482కు ఐఈఎల్‌టీఎస్ ప్రతి విభాగంలో 5 చాలు, పీఆర్‌కు 6 కావాలి.

చాలా ట్రేడ్‌లలో భారత పాస్‌పోర్టు వాళ్లకు స్కిల్ అసెస్‌మెంట్ తప్పనిసరి. ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ తరఫున ప్రాక్టికల్‌గా చేతిపని చూస్తారు. వైరింగ్ వచ్చని చెప్పడం కాదు, వాళ్ల ముందు చేసి చూపించాలి. ఎలక్ట్రీషియన్లకు దీని పైన అక్కడి రాష్ట్ర లైసెన్స్ కూడా ఉంటుంది.

కెనడాలో తేడా ఏంటంటే, అక్కడ వర్క్ వీసాతో పనిలేకుండా నేరుగా పీఆర్ తెచ్చుకునే స్కీమ్ ఉంది. ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ ప్రోగ్రామ్‌లో చదువు షరతే లేదు. ఐదేళ్లలో రెండేళ్ల ట్రేడ్ అనుభవం, మాట్లాడటం, వినడంలో సీఎల్‌బీ 5, చదవడం, రాయడంలో 4 ఉంటే చాలు. కానీ కెనడా కంపెనీ నుంచి కనీసం ఏడాది జాబ్ ఆఫర్, లేదా అక్కడి ప్రావిన్స్ ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. ఇవి ఇండియాలో కూర్చుని సంపాదించడం కష్టం. పైగా ర్యాంకింగ్ పాయింట్లలో ఒంటరిగా అప్లై చేసేవాళ్లకు బ్యాచిలర్ డిగ్రీ ఉంటే 120, ఇంటర్ మాత్రమే ఉంటే 30. ఆ 90 పాయింట్ల లోటును ఇంగ్లిష్ స్కోరుతోనో, ఫ్రెంచ్‌తోనో, కెనడా అనుభవంతోనో పూడ్చుకోవాలి.

'ఎల్ఎంఐఏ ఇప్పిస్తాం, పది లక్షలు ఇవ్వండి' అనే ఆఫర్లు వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎల్ఎంఐఏ అమ్మడం, కొనడం కెనడాలో చట్టవిరుద్ధం. అంతేకాదు, జాబ్ ఆఫర్‌కు ఇచ్చే అదనపు ర్యాంకింగ్ పాయింట్లను 2025 మార్చి 25 నుంచి ఎత్తేశారు. పాయింట్ల కోసం అని చెప్పి ఎవరైనా అమ్ముతుంటే అది పాత సరుకే.

జపాన్, బ్రిటన్, అమెరికా.. ఆశ ఎంత?

జపాన్ 'స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్' వీసాకు డిగ్రీ అక్కర్లేదు. ఎన్4 స్థాయి జపనీస్, ఒక స్కిల్ టెస్ట్ పాసైతే సరి. 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కూడా కుదిరింది. ఇక్కడ కూడా వీసా మీద నంబర్ చూసుకోవాలి. నంబర్ 1 అయితే మొత్తం ఐదేళ్లే, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. పీఆర్‌కు కావాల్సిన పని కాలంలో అది కలవదు. పై పరీక్ష పాసై నంబర్ 2కు మారితేనే కుటుంబం, ఎన్నిసార్లైనా రెన్యూవల్, పీఆర్ దారి.

బ్రిటన్ తలుపు దాదాపు మూసేసింది. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు ఉద్యోగం గ్రాడ్యుయేట్ స్థాయిది అయి ఉండాలి, కనీస జీతం సాధారణంగా 41,700 పౌండ్లు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకోవడం అదే రోజు ఆపేశారు. ఉద్యోగం గ్రాడ్యుయేట్ స్థాయిది కావాలన్నారు కానీ, మనిషికి డిగ్రీ ఉండాలని అనలేదు. అనుభవం ఉన్న ప్రోగ్రామర్‌కు ఆ సందు ఇంకా మిగిలే ఉంది. కేర్ వర్కర్ వీసా పేరుతో ఇప్పుడు కూడా డబ్బులు అడుగుతున్నారంటే మోసమే.

అమెరికా విషయానికొస్తే, హెచ్1బీకి డిగ్రీలో ఒక ఏడాదికి బదులు మూడేళ్ల అనుభవం అనే లెక్క ఉంది. అంటే నాలుగేళ్ల డిగ్రీకి 12 ఏళ్ల అనుభవం. గ్రీన్ కార్డుకు ఈబీ-3లో రెండేళ్ల శిక్షణ లేదా అనుభవం అవసరమైన ఉద్యోగాలకు డిగ్రీ అడగరు. కానీ భారతీయుల క్యూ పదేళ్లు దాటి ఉంది. గల్ఫ్ గురించి కొత్తగా చెప్పేదేముంది, కార్మికులకు అక్కడ పీఆర్ అన్న మాటే లేదు.

ఏజెంట్‌కు ఎంత ఇవ్వాలి?

భారత ప్రభుత్వ రూల్ ప్రకారం రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ ఉద్యోగి దగ్గర గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై 18 శాతం జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. మొత్తం రూ.35,400. రసీదు ఇవ్వాలి. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఏపీలో ఓంక్యాప్ ప్రభుత్వమే నడిపే రిక్రూట్‌మెంట్ సంస్థలు. టూరిస్ట్ వీసా మీద పంపించి అక్కడికి వెళ్లాక మారుస్తామంటే కదలొద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లిన ఉత్తరాంధ్ర యువకులతో అక్కడ సైబర్ నేరాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

ఒక చిన్న విషయం చాలామంది అడుగుతుంటారు. జర్మనీ పీఆర్ తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలా? అక్కర్లేదు. పౌరసత్వం తీసుకుంటేనే ఆ ప్రశ్న వస్తుంది. పీఆర్ వచ్చాక ఊరికి వచ్చి ఆరు నెలలకు మించి ఉండిపోతే మాత్రం సాధారణంగా అది రద్దవుతుంది. 

ఇప్పటికే జర్మనీ చేరినవాళ్లు ఒకసారి పర్సులోంచి రెసిడెన్స్ కార్డు తీసి చూడండి. ఏ సెక్షన్ కింద ఇచ్చారో దాని మీదే ఉంటుంది. 18జీ అయితే బ్లూ కార్డ్, 18ఏ అయితే గుర్తింపు పొందిన వృత్తి నిపుణులు, 19సీ అయితే ఐదేళ్ల లెక్క. ఐటీలో ఉండి 19సీ కనిపిస్తే, జీతం, అనుభవం రెండూ బ్లూ కార్డ్ పరిమితి దాటాయేమో చూసుకుని విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి. పెద్ద సిటీల్లో ఆ అపాయింట్‌మెంట్‌కే నెలలు పడుతుంది.